కారు పాస్‌వర్డ్ ఇవ్వను

అశోక్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ మీటింగులో నేను మాట్లాడుతుంటే ఎదురు హాస్టల్ కుర్రాళ్లంతా కిటికీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టారని ఇప్పటికీ అందరికీ చెబుతుంటాను. చప్పట్లు కొట్టలేదు. ఒకడు కిటికీ మూసుకున్నాడు, ఏదో పరీక్షకు చదువుకుంటున్నట్టుంది. గొంతు పెంచిన మాట మాత్రం నిజం.

మా సెల్లార్‌లో ఒకే కంపెనీవి నాలుగు కరెంటు కార్లున్నాయి, చార్జింగ్ పాయింటు ఒక్కటే. దానికొక ఇనుప పెట్టె, పెట్టెకు తాళం, తాళంచెవి సెక్రటరీ దగ్గర. అతనికి మెయిన్ రోడ్డు మీద పోటీ పరీక్షల పుస్తకాల షాపుంది. మంచివాడే. ఎవరి వంతు ఎప్పుడో తేల్చలేక విసిగిపోయి ఫోన్లో ఒక యాప్ వేసుకున్నాడు. కారు కంపెనీది కాదు, ఎవరో బయటివాళ్లు చేసింది. మన కారు ఖాతా పాస్‌వర్డ్ అందులో కొడితే, ఏ కారులో ఎంత చార్జి ఉందో అదే చూసుకుని వంతులు వేస్తుంది. మిగతా ముగ్గురూ ఇచ్చేశారు. పక్కింట్లో తాళంచెవి ఇచ్చి ఊరెళ్లే అలవాటున్న వాళ్లం కదా, అదే ధోరణిలో.

"మీరొక్కరే మిగిలిన్రు సార్. జర ఇచ్చేయండి," అన్నాడు సెక్రటరీ.

"ఆ పాస్‌వర్డుతో నా కారు తలుపులు తెరవచ్చు. నేనెక్కడ తిరుగుతున్నానో చూడొచ్చు. చార్జి ఎంతుందో తెలియడానికి ఇవన్నీ ఎందుకయ్యా వాళ్లకి?"

"మీరు ఏడికి పోతరు సార్? చిక్కడపల్లిల కూరగాయలు, నారాయణగూడల టిఫిను. గవన్నీ ఎవరు చూస్తరు?"

అందరూ నవ్వారు. ఆ కారు నాది కాకపోతే నేనూ నవ్వేవాణ్ని.

"ఎవరూ చూడకపోయినా అది నా సంగతి. ఆ యాప్ చేసినవాళ్లెవరు? మన పాస్‌వర్డులు ఎక్కడ దాస్తున్నారు? రేపు వాళ్లు దుకాణం ఎత్తేస్తే ఎవరిని అడుగుతావు?"

"గవన్నీ నాకేం తెలుసు సార్. ఇయ్యకుంటే మీకు వంతు రాదు, గంతే. అయినా మీ పాస్‌వర్డు నాకు ఎరికే. మేడమ్ పేరు, మీ పెండ్లయిన సంవత్సరం. మీ వైఫైది గదే గదా, గణేశ్ పండుగప్పుడు అందరికీ మీరే చెప్పిన్రు."

ఈసారి నవ్వు చాలాసేపు ఆగలేదు. "అది వేరు, ఇది వేరు," అని గంభీరంగా చెప్పి పైకి వచ్చేశాను. వేరేం కాదు, రెండూ ఒకటే. తలుపేసుకుని కారుది మార్చేశాను. అయినా సిగ్గుపడి లొంగిపోతానా? నా గొళ్లెం వదులుగా ఉందని తెలిస్తే బిగించుకుంటాను గానీ, తలుపు ఊడదీసి వీధిలో పెట్టను.

పంతం నాదే, మోకాళ్లు మాత్రం మా ఆవిడవి. నల్లకుంటలో ఫిజియోథెరపీకి ఆమె వారానికి మూడుసార్లు వెళ్లాలి. ఆటో ఎక్కడం ఆమె వల్ల కాదు. కారు ఆగితే ఆ వైద్యం కూడా ఆగుతుంది. వంతు పోయాక దోమలగూడలో బయటి చార్జింగ్ పాయింటుకు వెళ్లేవాళ్లం. ముందున్న కార్లు కదిలేదాకా ఆమె సీట్లో కాలు చాపలేక అవస్థ పడేది. బంధువులు ఫోన్ చేస్తే, "ట్యాంక్ బండ్ గాలికి షికారు వచ్చాం," అనేవాణ్ని. గాలీ లేదు, షికారూ కాదు.

ఒకరోజు ఆమె అలా మోకాలు నొక్కుకుంటుంటే నాకే మనసొప్పలేదు.

"ఇచ్చేద్దామా?" అన్నాను.

"ఇవ్వాలనుంటే ఇవ్వండి. నా మోకాలి పేరు చెప్పి మాత్రం ఇవ్వకండి," అంది.

ఆ తర్వాత ఓ ఉదయం వెళ్లేసరికి దోమలగూడ పాయింటు పాడైపోయి ఉంది. మధ్యాహ్నం నల్లకుంట వెళ్లాలి. కారు ఈడ్చుకుంటూ ఇల్లు చేరింది. సెల్లార్‌లోకి దిగితే అక్కడ వేరే గొడవ. కారు కంపెనీ లాగిన్ పద్ధతేదో మార్చిందట, బయటివాళ్ల యాప్ లోపలికి వెళ్లలేకపోతోంది. తెర మీద అన్ని కార్లకూ నిన్నటి అంకెలే. ముగ్గురూ నాకంటే నాకని సెక్రటరీని చుట్టుముట్టారు. అతని చేతిలో తాళంచెవి ఉంది, ఎవరికి తెరవాలో తెలియదు.

"యాప్ ఏం చెప్తలేదు. పరేషాన్ అయితుంది సార్," అన్నాడు నాతో.

"ఎవరి కార్లో వాళ్లు చూసి చెప్పండి నాయనా. అంకె ఎదురుగానే ఉంటుందిగా," అంది మా ఆవిడ, సీట్లోంచి దిగకుండానే.

ముగ్గురూ తొంగిచూసి వచ్చారు. వాళ్లలో తక్కువది పదకొండు శాతం.

"నాది ఒక్క శాతం," అన్నాను.

"ఐదు," అంది మా ఆవిడ.

సెక్రటరీ వంగి మా కిటికీలోంచి చూశాడు. ఐదే. పెట్టె తెరిచి, తనే వైరు తెచ్చి తగిలించాడు.

"ఇయ్యాల్టికి సరే సార్. యాప్ మంచిగైనంక పాస్‌వర్డు ఇయ్యాల్సిందే. అందరికీ ఒకటే రూలు."

"బాగుపడనీ. అప్పుడూ ఇవ్వను. చార్జి ఎంతుందో కావాలంటే వచ్చి అడుగు, చెబుతాను."

"మేడమ్‌ని అడుగుత. మిమ్మల్నయితే అడగ."

"అడుగు," అన్నాను. "పాస్‌వర్డు తప్ప అన్నీ చెబుతుంది."