అవ్వ మూడో సూది

అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడటంతో నేను మెకానికల్ డిప్లొమా సగంలో వదిలి చేవెళ్ల దగ్గరి మా ఊరికి వచ్చేశాను. మా అమ్మను మేము అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్లం. ఆ ఏడే ఆమెకు రొమ్ములో గడ్డ కోసి తీశారు. తర్వాత నెలకొకసారి పట్నం దవాఖానలో నరానికి సూది వేయించాలన్నారు. బాపు పొలం విడిచి రాలేడు కనుక తీసుకెళ్లడం నా పని.

అవ్వది మొదటినుంచీ భయపడే స్వభావం. బాపు సంత నుంచి రావడం ఆలస్యమైతే వాకిట్లోనే నిలబడేది. బర్రె మేత ముట్టకపోతే తానూ తినేది కాదు. తన రోగం గురించి మాత్రం ఒక్కసారి కూడా భయమని అనలేదు.

మొదటి సూది తర్వాత వాంతులయ్యాయి. అది మందు గుణమని డాక్టరు ముందే చెప్పాడు. రెండోసారి బస్సు మొయినాబాద్‌లో ఆగగానే, ఇంకా సూది పడకముందే, వాంతి చేసుకుంది. నేను కారణాలు వరుసగా పెట్టి చూశాను. డీజిల్ వాసనా? కిటికీ పక్కనే కూర్చోబెట్టాను. ఖాళీ కడుపా? జొన్నరొట్టె తినిపించాను. మందా? అది ఇంకా సీసాలోనే ఉంది. డాక్టరును అడిగితే, "భయం. కొందరి స్వభావమే అంత. ధైర్యం చెప్పండి" అన్నాడు. ధైర్యం ఎంత మోతాదులో, ఏ వేళకు ఇవ్వాలో ఆయన చెప్పలేదు.

తర్వాత జుట్టు కుచ్చులుగా ఊడింది. చర్చిలో ఆడవాళ్లు నెత్తిన కొంగు కప్పుకోవడం మామూలే. అవ్వ ఇంట్లోనూ కప్పుకోసాగింది. ఒకరోజు బావి దగ్గర కొంగు జారితే పక్కింటామె చూసింది.

"ఏ గుట్ట దేవునికి గుండు మొక్కినవ్ వదినా? ఏసుక్రీస్తు సరిపోలేదా?"

"మొక్కిన తీయ్. నీదేం పోయింది?" అంది అవ్వ.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "మందుకు ఊడినయని చెప్పరాదె అవ్వా!"

"ఏం మందంటరు. ఎక్కడి రోగమంటరు. ఊరంత నా రొమ్ము ముచ్చట పెట్టుకోవాల్నా? గుండు ముచ్చటే పెట్టుకోనియ్."

ఆ ఆదివారం ప్రభు భోజనం పంచుతూ, గుట్టకు మొక్కిందన్న మాట చెవిన పడిందేమో, పాస్టరు అయ్యగారు అవ్వను దాటి పక్కామెకు గిన్నె అందించారు. అవ్వ తల వంచుకుని ప్రార్థన చేసుకుంది. బాపు లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టాను. అవ్వ చెప్పొద్దన్న సంగతి మేమెట్లా చెప్పగలం?

మూడో సూదికి బయల్దేరిన రోజు మొయినాబాద్‌లో రోడ్డుకు అడ్డంగా రాళ్లు, ఒక ఎడ్లబండి ఉన్నాయి. పరీక్షలు బహిష్కరించిన నా వయసు పిల్లలే బస్సును చుట్టుముట్టి జై తెలంగాణ అని అరుస్తున్నారు. అవ్వ అప్పటికే నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

"ఇయ్యాల పట్నం బంద్! పానం బాగలేనోళ్లుంటె చెప్పుండ్రి, బండి పోనిస్తం" అన్నాడొకడు.

"మా అవ్వకు దవాఖానల సూది ఉన్నది. ఇయ్యాలనే ఏయించాలె" అన్నాను.

"ఏం బీమారన్నా?"

బస్సంతా మా వైపు తిరిగింది. "ఆపరేషన్ అయ్యింది" అని మాత్రం అనగలిగాను. అతడు కిటికీలోంచి అవ్వను అడిగాడు.

"నిజమేనా అవ్వా?"

అవ్వ రుమాలు తీసేసింది. "నాకేం రోగం బిడ్డా? మా అక్కను చూడ పోతున్నం. తొందరేం లేదు."

అందరూ ఘొల్లున నవ్వారు. "పరీక్ష రాయనికి దొంగసాటుగ పోతున్నవా అన్నా? అవ్వను అడ్డం పెట్టుకొని!"

"హాల్ టికెట్ తియ్, జర మేం గూడ చూస్తం!"

దవాఖాన చీటీ చూపించవచ్చు. అది అవ్వ బొడ్డులో దోపుకున్న సంచిలో ఉంది. కొంగు తీసి చూపించవచ్చు. దాని అంచు అవ్వ పిడికిట్లో ఉంది. ఆమె నా వైపు చూడలేదు. డ్రైవరు బస్సు వెనక్కి తిప్పాడు.

మొయినాబాద్ దాటకముందే అవ్వ వికారం తగ్గిపోయింది. కిటికీ దగ్గరికొచ్చిన గంపలోంచి జామకాయ కొని, కొరికి, సగం నాకిచ్చింది. ఇష్టంగా ఆమె తినగా చూసి ఎన్నాళ్లయిందో! ముఖంలో నీరసం ఉంది కానీ బెదురు లేదు. ఆ ముఖం చూస్తూ, మందు గురించి ఒక్క మాట ఎత్తలేకపోయాను.

నాలుగు రోజులకు దారి తెరిచారు. పొద్దున్నే నేను చొక్కా వేసుకుని నిలబడితే అవ్వ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

"పోతె రానియ్యలే గద. దేవుడే వద్దన్నడు" అంది.

"దేవుడు గాదు, నువ్వు వద్దన్నవ్" అన్నాను.

"ఎవలైతే ఏంది? జర అన్నం తిననియ్ నన్ను."

బాపు నా ముఖం చూశాడు, చదువుకున్నవాడిని కనుక ఏదైనా చెప్తానని. బస్సు హారన్ వినబడింది. అవ్వ నాకూ కంచం పెట్టింది. చొక్కా విప్పకుండానే కూర్చున్నాను.