ఎడమ చక్రం కొక్కెం

మా చిన్నాయన గుడియాత్తంలో పోయాడని మొన్న కబురొచ్చింది. మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసిన నలుగురికీ తప్పుగా తెలుసు.

మగ్గాల ఇంట్లో పుట్టి, వేలూరు విమానాల మైదానంలో మేస్త్రీ అయ్యాడు. ఏ ఇనుప సామాను ఇచ్చినా ముందు నూలు చూసినట్టు వేళ్ళ మధ్య రాసి చూసేవాడు. "తెగిన పోగును మనం దాచినా బట్ట దాచదప్పా" అనేవాడు. నాకు అక్కడ గుమాస్తా పని ఇప్పించింది ఆయనే. ఆయనకు ఇంగ్లీషు రాదు, మైదానం నడిపే తెల్లదొరకు తెలుగు రాదు. మధ్యలో మాట మోసేవాణ్ణి నేను.

దొర విమానం చిన్నది, రెండింజన్లది. పైకి లేచాక చక్రాలు లోపలికి ముడుచుకునేవి. దిగేటప్పుడు కిందికొచ్చి, కొక్కెం పడితేనే నిలిచేవి. ఆయుధపూజ ముందురోజు సాయంత్రం ఎడమ కొక్కెం అరిగిందని చిన్నాయన కనిపెట్టాడు. అప్పటికే పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి పూజలో ఉంచేశాడు. అలా ఉంచినవాటిని దశమి దాకా మా నేతవాళ్ళు ముట్టరు.

"ఎల్లుండి మార్చేస్తా. అందాకా బండిని లేపొద్దని దొరకు గట్టిగా చెప్పప్పా" అన్నాడు.

దొరకు ముక్కు మీద కోపం. పూజ మాటెత్తితే మండిపడతాడు. నేను గదిలోకి వెళ్ళి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, ఆ మాట ఎత్తకుండానే బయటికొచ్చాను.

"చెప్పినావా నాయనా?"

"చెప్పినా చిన్నాయనా."

పండగనాడు ఎవరు ఎగురుతారులే అనుకున్నాను. దొర ఎగిరాడు. దిగేటప్పుడు ఎడమ చక్రం ముడుచుకుపోయి, విమానం రెక్క మీద ఒరిగి మైదానమంతా గీరుకుంటూ పోయింది. దొర కాలు విరిగింది.

విచారణలో చిన్నాయన చేతులు కట్టుకుని, "ముందే చెప్పి పంపినాను సామీ, దొరే వినలేదు" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది నేను. "తప్పయిపోయిందంటున్నాడు" అని చెప్పాను. ఆయన్ను ఆ పూటే పనిలోంచి తీసేశారు. నా కుర్చీ నాకే ఉంది. ఆనాటి నా తెలివి తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

ఆయన మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు. విమానం కూల్చినోడు అని వీధిలో పిల్లలు కూడా అన్నారు. నేను పోయినప్పుడల్లా పక్కింటివాళ్ళను పిలిచి, "మా అన్న కొడుకు చెప్పనే చెప్పినాడు. దొరకే చెవి లేకపోయె" అనేవాడు. ఒక్కసారైనా నేను నోరు విప్పలేదు.

మొన్న వెళ్ళేసరికి వాకిలంతా జనం. చిన్నమ్మ నన్ను చూసి ఏడుస్తూనే అందరినీ పక్కకు జరిపింది.

"జరగండమ్మా, దోవ ఇడవండి. ఆయన కోసరం దొరల ముందర నోరు తెరిచింది ఈ బిడ్డ ఒక్కడే."

తలవైపు చోటిచ్చింది. వెళ్ళి కూర్చున్నాను.