బిగించి కట్టమన్న సరంగు

మా పడవ సరంగు గారు పోయారని శుక్రవారం కబురొచ్చింది. ఊళ్ళో, సొంత మంచం మీద, నొప్పీ గిప్పీ లేకుండా పోయారట. ఏడ్చాను. పరాయి నేల మీద పోనందుకు గుండె కుదుటపడింది కూడా.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది. "నీ మొగుణ్ణి కాపాడ్డానికి ఆయన అబద్ధమాడాడు" అని ఈ దోహాలో కొందరంటున్నారు. వాళ్ళ కోసమే ఇది రాయిస్తున్నాను.

అల్ ముంతజాలో ఒక అరబ్బు ఇంట్లో నేను వంట చేస్తాను. ఆ యజమాని పడవకు సరంగు గారు పెద్ద, మా ఆయన కాపలా. చేపల పులుసు చప్పగా ఉంటే సరంగు గారు గిన్నె తిప్పి పంపేవారు. "సెల్లీ, సింతపండుకి కూడా వీసా కావాలేటి?" అనేవారు.

ఒక చలికాలం ఉదయం రేవులో గాలి లేదు, అల లేదు. అయినా తాళ్ళు తెగి, పడవ గోడకు కొట్టుకుని పలక పగిలింది. "తుమ్ సోయా! ఖలాస్, గావ్ జావ్!" అని యజమాని మా ఆయన మీద అరిచాడు. నిద్రపోయావు, ఇక ఊరికి పొమ్మని. మా ఆయన బట్టలు సర్దుకున్నాడు.

ఆ సాయంత్రం సరంగు గారు ఇంటికొచ్చి, బట్టల తొట్టి నిండా నీళ్ళు పట్టమన్నారు. యజమాని ముందు కూర్చుని అరచేత్తో నీటిని మెల్లగా తోశారు. అది అవతలి అంచు తాకి తిరిగొచ్చినప్పుడల్లా మళ్ళీ అంతే మెల్లగా తోశారు. ఊగి ఊగి నీళ్ళు పొర్లి యజమాని తెల్లబట్టల మీద పడ్డాయి.

"రేవూ ఇంతే బాబూ," అని వచ్చిన హిందీలో చెప్పారు. "బయట సముద్రం పొంగు సన్నగా తోస్తాది, లోపల నీరంతా ఊగుతాది. పడవకి ఊగే సోటివ్వాల, బిగిస్తే తాడు తెగుతాది. మా ఊరి ఏట్లో బిగించి కడతాం. ఇక్కడా అలాగే కట్టమన్నది నేనే. పంపితే నన్ను పంపు."

అబద్ధమా అది? తాళ్ళు తెగిన ముందురోజు నేను రేవుకి అన్నం పట్టుకెళ్ళినప్పుడు, "ఇంకా బిగించరా, మంచం నవారు లాగ!" అని ఆయన అరవడం ఈ చెవులతో విన్నాను. ఆ మాటే యజమానికీ గట్టిగా చెప్పాను.

యజమాని తడి దులుపుకుని, తానూ తొట్టిలో చెయ్యి పెట్టి తోశాడు. మళ్ళీ నీళ్ళు పొర్లేసరికి నవ్వేశాడు. "మాఫీ ముష్కిల్. ఇద్దరూ డ్యూటీకి! యల్లా!" అన్నాడు. ఏం ఫరవాలేదు, పనికి పదండని.

"ఒప్పుకోకపోతే నీకేం పోయేది అన్నా?" అని తర్వాత అడిగాను.

"నిద్దర పోయీది సెల్లీ."

మర్నాడు రేవుకెళ్ళేసరికి తాళ్ళన్నీ వదులు చేసి ఉన్నాయి. పడవ కాస్త ముందుకు, కాస్త వెనక్కి, గోడ తగలకుండా ఊగుతోంది. మళ్ళీ తెగుతాయేమోనన్న భయంతో రాత్రంతా కన్ను మూయని మా ఆయన గట్టు మీదే ఒళ్ళు మరిచి నిద్రపోతున్నాడు. సరంగు గారు తన తలగుడ్డ విప్పి, మా ఆయన ముఖానికి ఎండ తగలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.