వీడ్కోలు బాబాయి

గొడుగుల కంపెనీలో అందరూ వీడ్కోలు బాబాయి అని పిలిచే ఆఫీసు సూపరింటెండెంటుకి ఒకటే జబ్బు. కంపెనీలోంచి ఏ పాత వస్తువు బయటికి పోతున్నా దానికి వీడ్కోలు సభ జరిపించందే ఊరుకోడు. మనుషులు రిటైరైతే ఎవరైనా సభ పెడతారు. బాబాయి విరిగిన కుర్చీకి పెడతాడు. కారే నీళ్ళ ఫిల్టరుకి పెడతాడు. ఒకసారి మెట్ల దగ్గర బల్బు మాడిపోతే, "మన కాళ్ళు విరక్కుండా కాపాడిన మహానుభావుడు" అని మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు. కొత్త బల్బు సభ అయ్యాకే పెట్టాలన్నాడు కాబట్టి, జనం ఆ అరగంటా చీకట్లో గోడలు పట్టుకుని నిలబడి విన్నారు.

సభంటే ఆషామాషీ సభ కాదు. పోతున్న వస్తువును టేబులెక్కించి ముఖ్య అతిథి అంటాడు. దాని నెత్తిన కంపెనీ గొడుగొకటి తెరిచి పట్టిస్తాడు. మైకు జోలికి పోడు. ఆ గొంతుకి మైకు కూడా తోడైతే పక్క ఫ్యాక్టరీ వాళ్ళు పని మానేసి వచ్చేస్తారు. తన ఉపన్యాసం అయ్యాక, "ఇప్పుడు ముఖ్య అతిథితో కలిసి పనిచేసినవారు రెండు ముక్కలు మాట్లాడతారు" అని ఎవరో ఒకరిని చెయ్యి పట్టుకుని లాక్కొస్తాడు.

ఇవేవీ తెలియకుండా కొత్త మేనేజరు ఉద్యోగంలో చేరింది. కంపెనీని పాత పద్ధతుల్లోంచి కొత్త పద్ధతుల్లోకి మార్చడం ఆవిడ పని. చేరిన వారానికే మార్పులమ్మ అని పేరు పెట్టేశారు. ఆవిడ మొదటి మార్పు చిన్నదే: మూలుగుతున్న జిరాక్సు మెషీను తీసేసి కొత్తది తెప్పించింది. కొత్తది తెచ్చినవాళ్ళు పాతదాని మీద చెయ్యి వెయ్యబోతే బాబాయి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండాగండి! అలా మోసుకుపోతే ఎలా? సభ కావద్దూ?"

"ఏం సభండీ?" అంది మార్పులమ్మ.

"జిరాక్సు గారి వీడ్కోలు సభమ్మా. మధ్యాహ్నం టీ టైముకి. మీరే అధ్యక్షులు."

"సూపరింటెండెంటు గారూ, అది మెషీను!"

"అవునమ్మా. అందుకే తనంతట తాను సెలవడగలేదు. మనమే చూసుకోవాలి."

సభ జరిగింది. ఎప్పుడూ తలెత్తి మాట్లాడని జిరాక్సు ఆపరేటరు మెషీను పక్కన నిలబడి, అది కాగితం మింగినప్పుడల్లా కడుపులో చెయ్యి పెట్టి ఎలా కక్కించేవాడో, ఎప్పుడు అలుగుతుందో, ఎక్కడ తడితే దారికొస్తుందో చెప్పాడు. జనం పడీపడీ నవ్వారు. మార్పులమ్మ వాచీ చూసుకుంది. కంపెనీ ఓనరు మాత్రం బిస్కెట్ నములుతూ, "నీకు రిపేర్లు కూడా వచ్చా? చెప్పవేమయ్యా!" అని, అతన్ని మరమ్మతుల సెక్షనుకి మార్చేశాడు.

ఆ తర్వాత మార్పులమ్మ ఫ్యాను మార్చింది; సభ. గేటు దగ్గర తలుపు మార్చింది, సభ. తలుపును ఊడదీసి టేబులు మీద పడుకోబెట్టడంతో, సభికులు లోపలున్నారో బయటున్నారో ఎవరికీ అర్థం కాలేదు. ఆవిడ ఓనరు దగ్గర మొర పెట్టుకుంది.

"ఇలాగైతే ఈ కంపెనీ ఎప్పటికి మారుతుంది సార్?"

"నేనూ ఆపుదామనే వెళ్తానమ్మా. ఈలోగా నన్ను తీసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టేస్తాడు."

ఇంతలో పెద్ద మార్పు రానే వచ్చింది. షాపులవాళ్ళు ఇన్నాళ్ళూ గొడుగులు కావాలంటే కంపెనీకి ఫోన్ చేసేవారు. స్విచ్‌బోర్డు ముందు కూర్చుని ఆ ఫోన్లన్నీ అందుకునేది టెలిఫోనక్క. ఇకమీదట ఎవరి ఆర్డరు వాళ్ళే సెల్‌ఫోనులో నొక్కి పంపుకోవాలి. బోర్డుకి పని లేదు. అంటే అక్కకీ లేదు.

మార్పులమ్మ ఆవిడ కోసం కొత్త ఏర్పాట్లలో ఎక్కడైనా ఒక కుర్చీ ఇరికిద్దామని చూసింది. ఇమడలేదు. "కుదరకపోతే ఇవ్వాల్సింది ఇచ్చి పంపేద్దాం" అన్నాడు ఓనరు, కిటికీలోంచి బయటికి చూస్తూ. రోజంతా గలగలలాడే టెలిఫోనక్క మాటలు తగ్గించేసింది. మార్పులమ్మ ఆ గది ముందునుంచి నడవడం మానేసి, చుట్టూ తిరిగి క్యాంటీనుకి వెళ్ళసాగింది.

బాబాయి మాత్రం హుషారుగా ఊడిపడ్డాడు. "అమ్మా, బోర్డు గారి సభ ఈసారి కొంచెం ఘనంగా చేద్దాం. ఆవిడకి బంధువులెక్కువ."

"బోర్డుకి బంధువులేంటండీ?"

"షాపులవాళ్ళు! పిలవకపోతే బాగుండదు. పిలిచేశాను కూడా."

సభ రోజు హాలు కిటకిటలాడిపోయింది. స్విచ్‌బోర్డు వైర్లు వేలాడేసుకుని గొడుగు కింద కూర్చుంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఎన్నెన్ని మాటలు మోసిందో ఈ తల్లి! ఒక్కటంటే ఒక్కటి ఇంకొకరి చెవిన వెయ్యలేదు. అదే మనమైతేనా..." అని ఓనరు వైపు చూసి, మిగతాది మింగేశాడు. తర్వాత బంధువుల వంతు వచ్చింది. బుర్రమీసాల షాపాయన లేచాడు.

"నేను ఈ పెట్టెను చూడ్డం ఇదే మొదటిసారి. ఇంత వికారంగా ఉంటుందనుకోలేదు. నాకు తెలిసింది ఆ గొంతొక్కటే. సరుకు ఆలస్యమైతే దులిపేద్దామని ఫోన్ చేస్తాను. అట్నుంచి 'అన్నయ్యా, మోకాలి నొప్పి తగ్గిందా?' అంటుంది. ఆ నొప్పి సంగతంతా చెప్పుకుని, తిట్టడం మర్చిపోయి, ఇంకో వంద గొడుగులు ఆర్డరిచ్చి పెట్టేస్తాను. ఇప్పుడు నేను ఎవరిని తిట్టడానికి ఫోన్ చెయ్యాలి?"

ఓనరు చేతిలో బిస్కెట్ టీలో మునిగి, విరిగి, అడుక్కి పోయింది. ఆయన చూసుకోలేదు.

వెనకనుంచి ఇంకో షాపావిడ అందుకుంది. "ఆ నొక్కుడు పద్ధతి మా అబ్బాయి నేర్పబోతే నావల్ల కాదన్నాను. ఈ అమ్మాయి నేర్పితే నేర్చుకుంటా."

"మేమూ అంతే!" అన్నారు చాలామంది.

ఓనరు లేచాడు. అంతమంది కొనుగోలుదార్ల ఎదుట ఏదో ఒకటి అనక తప్పలేదు. "కొత్త పద్ధతి మీకు నేర్పేదీ, మీ కష్టసుఖాలు వినేదీ ఈవిడే. ఎక్కడికీ పంపడం లేదు" అన్నాడు. అన్నాక, తన మాట తనకే నచ్చినట్టు ఇంకోసారి అన్నాడు.

టెలిఫోనక్కని మాట్లాడమని ముందుకి తోశారు. ఆవిడ అంతమందినీ ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. చివరికి అలవాటు కొద్దీ, "హలో" అంది. "హలో!" అని హాలు హాలంతా బదులిచ్చింది.

మార్పులమ్మ బాబాయిని వెతికింది. ఆయన వెనక వరుసకి టీ అందిందో లేదో చూస్తున్నాడు.

"ఇదంతా కావాలనే చేశారు కదూ?"

"ఏదమ్మా?"

"షాపులవాళ్ళని రప్పించడం. ఆ రోజు జిరాక్సాయన చేత ఓనరు గారి ముందు మాట్లాడించడం. ఆ తలుపు..."

"తలుపు సభ తలుపు కోసమేనమ్మా. అందులో వేరే ఏం లేదు. మంచి తలుపు, పాపం." బాబాయి గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గగలదని ఆవిడకి అప్పుడే తెలిసింది. "ఈ మనిషిని చూడండి అంటే ఓనరు గారికి తీరికుండదు. మెషీన్ని చూడండి అంటే నవ్వుకుంటూ వస్తారు. వచ్చాక పక్కనున్న మనిషి కనపడకపోరు."

మార్పులమ్మ చేతిలో టీ గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "బాబాయి గారూ" అంది. అలా పిలవడం అదే మొదటిసారి. "గుడ్డ కత్తిరించే పాత టేబుళ్ళు తీసేయాలి. వాటి దగ్గర పనిచేసేవాళ్ళెవరో, ఎవరికి ఏం వచ్చో ముందు నాకు చెప్పండి. వాళ్ళందరికీ చోటు చూశాకే టేబుళ్ళు కదుపుతాను."

బాబాయి మొహం చిన్నబోయింది. "ముందే చూసేస్తే ఎలాగమ్మా? మరి సభో?"

"సభ ఉంటుంది. అధ్యక్షురాల్ని నేనే."

"హమ్మయ్య!" అన్నాడు బాబాయి. "అయితే ఇప్పట్నుంచే ఉపన్యాసం రాసుకోండమ్మా. ఒక్కో టేబులుకి అరగంట తక్కువ కాకూడదు. లేకపోతే అవి అలుగుతాయి."