ఉదయం ఖాళీగా ఉండాల్సిన సంచి

చాలా ఊళ్ళు తిరిగాను, దొరికిన పుస్తకమల్లా చదివాను. అయినా తెల్లవారగానే పెరట్లోకి వెళ్ళి, ప్రతి కోడి మెడ కిందా చెయ్యి పెట్టి, వైద్యుడు నాడి చూసినట్టు కళ్ళు మూసుకుని నిలబడే మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన ఇంటి మేడ మీద గదిలో నాలుగు నెలలు అద్దెకున్నాను. వీధంతా ఆయన్ని కాజాల తాత అంటారు. ఆయన చొక్కాలు కుట్టడు. దర్జీలు కుట్టి పంపిన చొక్కాలకు చేత్తో కాజాలు వేసి, గుండీలు పెడతాడు. యాభై రెండేళ్ళుగా ఇదే పని. కళ్ళద్దాలు ఎప్పుడూ ముక్కు కొసన వేలాడుతుంటాయి, వాటితో ఆయనకు పెద్దగా పని లేదు. గుడ్డ అంచు మీద బొటనవేలు పోనిచ్చి, కుట్టు ఎక్కడ వదులైందో చెప్పేస్తాడు.

ఆ వేళ్ళే కోళ్ళకూ పనికొచ్చాయి.

పక్షులకు పళ్ళు ఎందుకు లేవన్న సంగతి ఒకప్పుడు ఒక రేవు పట్టణపు గ్రంథాలయంలో మూడు రోజులు కూర్చుని చదివాను. జ్ఞానతృష్ణ అనుకునేరు! బయట జోరువాన, లోపల కప్పు కారదు, అంతే. అక్కడ చదివినదంతా తాత ఒక్క వాక్యంలో చెప్పేశాడు. "కోడి నమలదండీ, మూట కట్టుకుంటుంది." మెడ దిగువన, రొమ్ముకు కాస్త కుడిపక్కన, దానికో మేతసంచి ఉంటుంది. పగలంతా ఏరుకున్నది అందులో నానుతుంది. అక్కణ్ణించి మెల్లగా కిందికి దిగి, చివరికి కందనకాయలో రాళ్ళ మధ్య నలుగుతుంది. సాయంత్రానికి ఆ సంచి నిండుగా ఉండాలి, తెల్లారేసరికి ఖాళీ అయిపోవాలి. పొద్దున్నే మేత వెయ్యకముందు తడిమితే చేతికేమీ తగలకూడదు. తగిలిందంటే కోడికి ఏదో వచ్చిపడిందన్నమాట.

ఈ విద్య వల్ల వీధిలో ఆయనకు మంచి పేరే ఉంది. బేకరీ ఆయన తన కోడిని తెస్తే, సంచి నీళ్ళతిత్తిలా మెత్తగా ఊగుతోంది. తాత దాని నోటి దగ్గర ముక్కు పెట్టి చూసి, "పులిసిన పిండి వాసన. లోపల బూజు పట్టింది. నా వల్ల కాదు, డాక్టరు దగ్గరికి పట్టుకుపో. మిగిలిన రొట్టెలు దానికి పెట్టడం ముందు మాను" అన్నాడు. మంగలి కోడికేమో సంచి సాగిపోయి నేలకు జారింది. దానికి మెత్తటి నూలుగుడ్డతో ఒక జోలె కుట్టి, వీపు మీద రెండు గుండీలు, రెండు కాజాలు పెట్టాడు. ఆ కోడి అది తొడుక్కుని వీధిలో తిరుగుతుంటే పెళ్ళికి బయల్దేరినట్టుండేది.

ఇంత తెలిసినవాడికి సొంత పెరట్లోనే తగిలింది.

ఆ ఇంట్లో ఆరు కోళ్ళు. అందులో ఇంటావిడకు, అంటే తాత భార్యకు, ప్రాణం పంతులమ్మ అనే పెట్ట. గుడ్డు పగిలి పిల్లగా బయటికొచ్చిన రోజున తక్కినవి తొక్కేస్తుంటే, ఆవిడ దాన్ని చెప్పుల పెట్టెలో పెట్టి, తాత కుట్టుబల్ల మీది బల్బు వెచ్చదనంతో పదిహేను రోజులు కాపాడింది. పెద్దయ్యాక అది తక్కిన కోళ్ళ వరస సరిచూస్తున్నట్టు నడుస్తుంది గనక ఆ పేరు పెట్టింది.

ఒక సోమవారం పొద్దున తాత చెయ్యి పంతులమ్మ మెడ కింద ఆగిపోయింది.

"ఏమేవ్! రాత్రి దీనికేమైనా పెట్టావా?"

"రాత్రి కోళ్ళకు ఎవరైనా పెడతారా? ఏమైందండీ?"

"నిమ్మకాయంత ఉండ. గట్టిగా ఉంది."

ఆవిడ చేతిలో చెంబు పక్కన పెట్టేసింది. "ఏమండీ, వీధిలో కోళ్ళన్నిటికీ వైద్యం చేస్తారు. దీనికేమైనా అయిందో, ఇంక నాతో మాట్లాడకండి."

తాత చూపు పక్కింటి గోడ మీదికి పోయింది. గోడకు ఆవల కండక్టరమ్మ ఉంటుంది. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి, గొంతు ఇంకా రిటైరవలేదు. శనివారం తన పెరట్లో గడ్డి కోసి, కోళ్ళు తింటాయిలే అని ఒక చేరెడు ఇటు పడేసింది. పొడుగు గడ్డిపోచలు లోపల పేనుకుని తాడైపోతాయన్నది నిజమే.

"చెల్లమ్మా! నీ గడ్డి నా కోడి పీక మీదికి తెచ్చింది!"

"నా గడ్డా? రెండు రోజులైంది అన్నయ్యా, మిగతా అయిదూ తిన్నాయిగా! వాటికేం కాలేదే? నీ కోడికి ఒక్కదానికే సీటు దొరకలేదా?"

"తిన్న ప్రతి కోడికీ అవ్వాలని రూలుందా?"

"కోపం తర్వాత పడుదువు గానీ, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా దులుపు. వచ్చేస్తుంది."

"చంపుతావా ఏంటి! అలా చేస్తే లోపలి నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి."

ఆ రెండు రోజులూ తాత సూది ముట్టలేదు. కోడిని వేరే గంప కింద పెట్టి మేత ఆపాడు. గోరువెచ్చని నీళ్ళు, రెండు చుక్కల నూనె ముక్కు పక్కనుంచి నెమ్మదిగా పట్టించి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని సంచిని వేళ్ళతో మెల్లమెల్లగా పిసికాడు. గడ్డయితే ఈపాటికి వదులవ్వాలి. ఇది వదల్లేదు. బుధవారం పొద్దునకు పంతులమ్మ రెక్కలు వాల్చేసి, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇంటావిడ, ఆస్పత్రికి పదండన్నట్టు, బుట్ట తెచ్చి ముందు పెట్టింది.

"వదినా, ఆగు, నేనూ వస్తున్నా" అంది కండక్టరమ్మ గోడ అవతలనుంచి, చెప్పులు వేసుకుంటూ. "లోపల ఏముందో నా కళ్ళతో చూడాలి. ఊరికే పడ్డ మాటను నేను ఇంట్లో పెట్టుకోను."

ఆ విధంగా నలుగురం, ఒక కోడి, బస్సెక్కాం. కొత్త కండక్టరు బుట్టలో ఏముందని అడగబోయాడు గానీ, కండక్టరమ్మ ముఖం చూసి ముందుకెళ్ళిపోయాడు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నది, మనవరాలి వయసు. సంచి తడిమి చూసి, "ఇది మర్దనకు పోయేది కాదు తాతగారూ, కోసి తియ్యాలి. చిన్న కోతే" అంది. మత్తు సూది వేసి, నాలుగు ఈకలు పీకి, వేలెడు కోసింది. ఇంటావిడ గోడ వైపు తిరిగింది. డాక్టరమ్మ పట్టకారుతో లాగితే ముందుగా ఒక గడ్డిపోచ వచ్చింది.

"అదిగో!" అన్నాడు తాత. "గడ్డి!"

"ఒక్క పోచ!" అంది కండక్టరమ్మ. "దాని మీద నా ఇంటి నంబరుందా?"

డాక్టరమ్మ ఇంకా లాగుతోంది. వస్తోంది, వస్తూనే ఉంది. నీలం, తెలుపు, మెరూన్, ఖాకీ. కొన్ని బెత్తెడు, కొన్ని మూరెడు. అన్నీ కలిసి పేనుకున్న దారపు ఉండ.

తాత కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగి చూశాడు.

"మెరూన్ది బడి యూనిఫారాలది," అన్నాడు నెమ్మదిగా. "ఖాకీది వాచ్‌మన్ చొక్కాలది. పోయిన వారం కాజాలు వేశాను."

ప్రతి కాజా పూర్తవగానే తాత దారం పంటితో కొరికి, ఆ కొసను కిటికీలోంచి బయటికి ఉమ్మేస్తాడు. యాభై రెండేళ్ళ అలవాటు. ఆ కిటికీ కింద కోళ్ళు పగలంతా తలలెత్తి కూర్చుంటాయి. "నా మీద ఎంత ప్రేమో చూడండి" అని నాకు చూపించి మురిసిపోయిన మనిషే ఈయన. తక్కిన కోళ్ళు ఎంత మెళకువగా వదిలేశాయో గానీ, పంతులమ్మ మటుకు పైనుంచి రంగురంగుల వానపాములు రాలుతున్నాయనుకుంది.

"అన్నయ్యా," అంది కండక్టరమ్మ, ఈసారి గొంతు తగ్గించి, "నా గడ్డిపోచ నాకిచ్చెయ్యి. ఇంటికి తీసుకుపోయి ఫ్రేము కట్టించుకుంటా."

ఇంటావిడ గోడ వైపునుంచి తిరిగింది. తిడుతుందనుకున్నాం. నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరమ్మ సంచిని కడిగి, ముందు దాన్ని, తర్వాత పై చర్మాన్ని విడివిడిగా కుట్టడం మొదలుపెట్టింది. అంతవరకూ తలొంచుకుని నిలబడ్డ తాత మెల్లగా దగ్గరికి జరిగాడు.

"తల్లీ, ఆ ముడి కింద ఇంకో చుట్టు వేస్తే జారదు."

"తాతగారూ, మీరు కాసేపు ఊపిరి మాత్రం పీల్చుకోండి, చాలు."

"కుట్టుకీ కుట్టుకీ మధ్య ఎడం బాగానే ఉందిలే. చెయ్యి మంచిదే."

"ధన్యోస్మి!" అంది ఆ అమ్మాయి కోడి మీదినుంచి చూపు తిప్పకుండానే. తర్వాత, వారం పది రోజులు గింజలు వద్దని, నానబెట్టిన మెత్తటి దాణా కొంచెం కొంచెంగా పెట్టమని, కుట్టు దగ్గర వాచినా చీము పట్టినా వెంటనే తెమ్మని చెప్పింది. పొద్దున్నే సంచి ఖాళీ అవుతోందో లేదో చూడమంది. "అది మీకు నేను చెప్పాలా!"

వచ్చేటప్పుడు బస్సులో ఆడవాళ్ళిద్దరూ ఒక సీట్లో కూర్చున్నారు, బుట్ట వాళ్ళ ఒళ్ళో. తాతా నేనూ వెనక నిలబడ్డాం. ఆయన రెండు మూడుసార్లు గొంతు సవరించుకుని, చివరికి ముందుకు వంగాడు.

"చెల్లమ్మా, తప్పు నాదే."

"వినపడలేదన్నయ్యా, ఇంజను చప్పుడు."

ఆయన మళ్ళీ చెప్పాడు, బస్సంతా వినపడేట్టు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు గానీ, పక్కకు జరిగి కూర్చోమని చోటిచ్చింది.

ఆ సాయంత్రమే ఇంటావిడ కిటికీకి సన్నని ఇనపవల కొట్టించింది. కొరికిన దారపు కొసలకు కుట్టుబల్ల మీద ఒక డబ్బా పెట్టింది. మొదటి వారం తాత అలవాటుగా ఉమ్మిన దారాలన్నీ వలకు అంటుకుని, కిటికీ జల్తారు తెరలా తయారైంది. ఆయన ముచ్చటగా చూసుకుని, రోజూ సాయంత్రం చీపురుపుల్లతో ఏరేవాడు.

పంతులమ్మ మొదటి రెండు రోజులు గంప కింద ముక్కు తెరవలేదు. మూడోనాడు దాణాలో నాలుగుసార్లు ముక్కు పెట్టింది. నాలుగోనాడు పొద్దున నేను మేడ దిగి వచ్చేసరికి ఇంటావిడ గంప ఎత్తి పట్టుకుని ఉంది, తాత చెయ్యి చాచాడు.

"మీరుండండి," అంది ఆవిడ. "ఇవాళ నేను చూస్తా."

ఇన్నేళ్ళలో ఆవిడ ఎప్పుడూ తడమలేదట. ఎక్కడ పెట్టాలో తాత వేలితో చూపించాడు. ఆవిడ కుట్టు తగలకుండా పక్కనుంచి మెల్లగా చెయ్యి పోనిచ్చి, ఆయనలాగే కళ్ళు మూసుకుంది. గోడ మీద కండక్టరమ్మ తల కనిపించింది, నోరు మాత్రం మూసే ఉంది.

"ఏమీ తగలట్లేదండీ," అంది ఇంటావిడ. "చర్మం, దూది ఈకలు. అంతే."

"అంతే ఉండాలి."

"అయితే పెట్టనా?"

"పెట్టు, పెట్టు. ఆకలి మీదుంది."

ఆవిడ దాణా గిన్నె కింద పెట్టింది. పంతులమ్మ గిన్నె చుట్టూ ఒకసారి తిరిగి, మా నలుగురినీ వరసగా చూసి, తల వంచింది.