బోర్డు మీద చివరి నియమం

జుట్టు రంగు డబ్బా తెరిస్తే వచ్చే అమ్మోనియా వాసనకు హన్మకొండలో మా బడి కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తొస్తుంది. గోడ మీద నియమాల బోర్డు ఉండేది. దేన్నీ నేరుగా వాసన చూడకూడదు, చేత్తో ముక్కు వైపు విసురుకోవాలి. నేను అమ్మోనియా సీసా తడి మూత తీసి అలాగే చేశాను. ఆ వెంటనే, గుడిలో హారతి తీసుకునే అలవాటు కొద్దీ, తడి వేళ్లను కళ్లకద్దుకున్నాను.

కెమిస్ట్రీ మేడమ్ నా ముఖాన్ని నల్లా కింద చాలాసేపు పట్టుకున్నారు.

"ముక్కు సంగతి చెప్పిన గని, కండ్ల సంగతి చెప్పలే బిడ్డా," అన్నారు.

మర్నాడు బోర్డు చివర కొత్త వాక్యం కనిపించింది: చేతులు కళ్లకు తాకించకూడదు. అది నా శిక్ష అనుకుని, సిగ్గుతో ఏడాదంతా అటు చూడలేదు.

బోర్డు మీద దానికి పైనున్న ఒక్కో వాక్యం రాసేముందు మేడమ్ ఎవరెవరి ముఖాలు కడిగారో.