అత్తయ్య ఎనిమిది పాటలు

మా మేనత్త బస్టాండులో అనౌన్సరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో పాతికేళ్ళుగా మైకులో చెబుతోంది. ఆలస్యం కబురు కూడా ఆమె గొంతులో వింటే తిట్టబుద్ధి కాదని కండక్టర్లు అంటారు. ఉద్యోగానికి ముందు ఆమె పాప్ సింగరు. ఇరవై రెండో ఏట పాడిన ఒక్క పాట ఆ ఏడాదంతా ప్రతి టీ కొట్టులోనూ మోగింది. తరవాత పిలుపులు తగ్గాయి. పాట వంటింట్లో కూనిరాగమైంది.

యాభై దాటాక మళ్ళీ పాడతానంది. మామయ్య మారుమాట్లాడకుండా సామాన్ల గది ఖాళీ చేసి, బయటి రొద రాకుండా గోడల నిండా పాత దుప్పట్లు వేలాడదీశాడు. ఆల్బమ్ తయారవడానికి ఏడాది పట్టింది. ఎనిమిది పాటలు, ఎనిమిది తీరులు. ఒకటి గజల్, ఒకటి జాజ్, ఒకటి రెగే, ఒకటి పొలం పాట. దారిలో కనబడ్డ ప్రతి చెట్టు నుంచీ ఒక కాయ కోసుకొచ్చింది మా అత్తయ్య.

విన్నవాళ్ళంతా హాయిగా ఉందన్నారు. పళ్ళ డాక్టరమ్మ తన క్లినిక్కులో రోజూ అదే వేస్తున్నానంటే అత్తయ్య పొంగిపోయింది. తీరా తన పన్ను పీకించుకోవడానికి వెళ్ళిన రోజున అక్కడ గంటకు పైగా కూర్చుంది. ఎనిమిది పాటలూ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చాయి. గదిలో ఒక్కరూ తలెత్తలేదు. ఒకాయన మాత్రం ఫ్యాను చప్పుడు చేస్తోందని ఫిర్యాదు చేశాడు.

అటునుంచటే మా ఇంటికొచ్చింది, బుగ్గలో దూదితో. అమ్మ బట్టలు మడతపెడుతోంది. తన పాటల్లో గుర్తున్న ముక్క ఏదైనా పాడమని అత్తయ్య అడిగింది. అమ్మకు అబద్ధం చేతకాదు. చాలాసేపు తడుముకుంది.

"నీ గొంతు గుర్తుందమ్మా. పాటే గుర్తు రావట్లేదు."

ఏడుస్తుందనుకున్నాం. అత్తయ్య తలూపి, దూది సర్దుకుని, నెమ్మదిగా అంది.

"అన్ని ఇళ్ళకీ చుట్టపుచూపుగా వెళ్ళొచ్చాను వదినా. ఎక్కడా కాపురం చెయ్యలేదు."

తరవాత చల్లటి నీళ్ళడిగి తాగింది.

ఆ జాజ్ పాటకు సాక్సఫోన్ వాయించిన పెద్దాయన బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే షాపు నడుపుతాడు. రికార్డింగప్పుడే, కావాలంటే జాజ్ పాడటం నేర్పుతానన్నాడట. అప్పుడు తీరిక లేదంది. ఇప్పుడు తనే వెళ్ళి అడిగింది. రెండేళ్ళుగా ప్రతి శనివారం మధ్యాహ్నం వెళుతోంది. మిగతా ఏడు తీరుల జోలికి పోలేదు. ఇంకో ఆల్బమ్ ఎప్పుడని ఎవరైనా అడిగితే, ముందు ఒక్క పాట రానివ్వమంటుంది.

పోయిన నెల నా కోటు ఇవ్వడానికి ఆ షాపుకి వెళ్ళాను. వెనకగదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది. మైకులో విన్న నున్నటి గొంతు కాదు. కాస్త గరుకుగా, మాటను వెనక్కి పట్టి, ఇక జారిపోతుందనగా వదులుతోంది. కౌంటరు దగ్గరున్న అమ్మాయి నా చేతికి చీటీ అందిస్తూ రెండుసార్లు పిలిచిందట. నాకు వినబడలేదు.

ఇంతలో సాక్సఫోన్ ఆగింది. రెండో మాట దగ్గర తొందరపడ్డావని పెద్దాయన తప్పు పట్టాడు. అత్తయ్య నవ్వింది.

"సరే గురువుగారూ, మళ్ళీ మొదట్నుంచీ."